చిన్న రాతి రోలు: ఆరేళ్ళ వాడకం తర్వాత

పైదేశాల్లో ఏళ్ళు గడిపి తిరుపతికో చిత్తూరుకో తిరిగొచ్చినవాళ్ళు ఇల్లు సర్దుకునేటప్పుడు ముందు కొనేవి ఫ్రిజ్జు, ఏసీ, ఇన్వర్టరు. ఆ చీటీలో రోలు ఉండదు. ఎవరింట్లోనో వేడివేడి రాగిసంగటిలోకి రోట్లో నూరిన చెనక్కాయల ఊరిమిండి, అంటే వేరుశెనగ పచ్చడి, తిన్నాకే అది చీటీకెక్కుతుంది. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక చిన్న రోలు గురించి. తిరుపతిలో అపార్ట్‌మెంటు వంటింట్లో, వారానికి ఐదు రోజుల లెక్కన ఆరేళ్ళుగా వాడుతున్నది. రోజువారీ పచ్చడికి, అల్లం వెల్లుల్లికి, కూరలో వేసే మసాలా ముద్దకి దీన్ని మించింది లేదు. ఇడ్లీ పిండికి మాత్రం పనికిరాదు. దానికి రుబ్బురోలో గ్రైండరో ఉండాల్సిందే. ఈ తేడా చూసుకోకుండా కొన్న రోళ్ళే ఆరు నెలలు తిరక్కుండా బాల్కనీలో పూలకుండీల పక్కకు చేరతాయి.

నేను వాడేది అడ్డం 20 సెంటీమీటర్లు, ఎత్తు 12, గుంట లోతు 8. బరువు ఎనిమిది కిలోల దరిదాపు. రాతి రోకలి కిలో పైచిలుకు. నలుగురున్న ఇంటికి ఇది సరైన కొలత. దీనికంటే చిన్నవి, అంటే గుంట అరచేతిలో పట్టేటంతవి, ఏలకులకీ మిరియాలకీ సరిపోతాయి గానీ అందులో చెనక్కాయలు పోసి ఒక్క పోటు వేస్తే సగం నేలమీదుంటాయి. అడుగు వెడల్పున్న పెద్దవి ముప్పై కిలోలు దాటతాయి, ఒక్కరు కదిలించలేరు, కడిగిన నీళ్ళు వంపలేరు. పెరడు ఉన్న ఇంటికైతే అవే మంచివి, ఒకచోట పాతుకుని కూర్చుంటాయి. విమానంలో ఒక పెట్టెకు 23 కిలోలిస్తే అందులో తొమ్మిది దీనికే పోతాయి కాబట్టి పరాయి దేశంలో ఉన్నన్నాళ్ళూ చాలామందికి మిక్సీయే గతి. అక్కడినుంచి తెచ్చుకున్న 110 వోల్టుల మిక్సీని మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతుంది. ఆ మిక్సీని అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రావడం మేలు.

కొనేటప్పుడు చూడాల్సింది రాయి జాతి. రోలుకు కావలసింది గ్రానైట్. మన జిల్లాల్లో దానికి కొదవలేదు, కుప్పం వైపు క్వారీల్లో తీసే రాయి అదే. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ తెగి రాతి పొరలు బయటపడ్డ చోటు ఒకటుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అని పిలిచేది దాన్నే. అక్కడ పైన క్వార్ట్‌జైట్ పొరలు, వాటి కింద వాటికంటే ఎన్నో కోట్ల ఏళ్ళు పాతదైన గ్రానైట్ కనిపిస్తాయి. మన రోలు ఆ కింది రాయి జాతిది. ఘాట్ రోడ్డు మీద పోయేటప్పుడు ఒకసారి కిటికీలోంచి చూడండి, ఇంట్లో ఉన్న వస్తువు మీద గౌరవం పెరుగుతుంది.

అంగట్లో గ్రానైట్ పేరుతో వేరే రాళ్ళూ అమ్ముతారు. కడప బండ నల్లగా, నున్నగా చూడ్డానికి బాగుంటుంది గానీ అది సున్నపురాయి. చింతపండు, నిమ్మరసం తగిలితే కొంచెం కొంచెంగా కరుగుతుంది, ఆ కరిగింది పచ్చడిలోకే వస్తుంది. పాలరాతి రోలుదీ ఇదే సంగతి. పట్టుకోవడం తేలిక. నిమ్మకాయ ముక్క తీసుకెళ్ళి రోలు అడుగున ఒక చుక్క పిండి నిమిషం ఆగండి. సన్నటి బుడగలు లేస్తే, లేదా తుడిచాక అక్కడ మెరుపు పోయి మచ్చ పడితే అది వద్దు. గ్రానైట్‌కు ఏమీ కాదు. తర్వాత తడిగుడ్డతో లోపలా బయటా గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే రంగో నూనెమడ్డో పూశారన్నమాట, బీటలు కప్పడానికి పూసేది కూడా అదే. గుంటలో నీళ్ళు పోసి పది నిమిషాలు నిలబెడితే సన్న బీట ఉన్నచోట బయటివైపు చెమ్మ గీతలా కనిపిస్తుంది. చివరగా రోకలితో అంచు మీద తట్టి వినండి. మంచి రాయి ఖంగుమంటుంది, బీట ఉన్నది మొద్దుగా పలుకుతుంది. బలపపు రాతి చిప్పలు వేరే వస్తువు. పులుసు కాచుకోవడానికి అవి బంగారం, దంచితే మాత్రం పగులుతాయి.

గుంట లోపల చేయి పెట్టి చూస్తే సన్నగా గరుకు తెలియాలి. అద్దంలా పాలిష్ పట్టినది అలంకారానికే. అందులో వెల్లుల్లి రెబ్బ నలగకుండా గుంట చుట్టూ తిరుగుతూ ఉంటుంది. రోకలి కింది కొన కూడా గుంట అడుగు వంపుకు సరిగా కూర్చోవాలి. కొన మొనదేలి ఉంటే నూరడం కుదరదు, పొడవడమే అవుతుంది. రోలూ రోకలీ జతగా ఒకే రాతివి తీసుకోవాలి. కొయ్య రోకలి, అందులోనూ కొనకు ఇనప పొన్ను (తొడుగు) ఉన్నది, ఈ చిన్న రోటికి వద్దు. పొన్ను రాయిని పెచ్చులూడగొడుతుంది, చింతపండు తగిలితే నల్లని చిలుము పచ్చడికి పడుతుంది.

ఇంటికి తెచ్చిన రోలును ఆ రోజే వాడకూడదు. ఉలి దెబ్బల్లో ఇరుక్కున్న రాతి పొడి ముందు వదలాలి. కొబ్బరిపీచుతో ఉత్త నీళ్ళలో కడిగి ఎండబెట్టి, గుప్పెడు బియ్యం, చెంచాడు కల్లుప్పు వేసి పిండి అయ్యేదాకా నూరండి. మొదటి పిండి బూడిద రంగులో వస్తుంది. పారబోసి మళ్ళీ చేయండి. నాలుగైదు సార్లకు పిండి తెల్లగా వస్తుంది. తెల్లగా వచ్చాక కూడా ఇంకొక్కసారి నూరడం మంచిది. ఆ తర్వాత పది వెల్లుల్లి రెబ్బలు, చెంచా జీలకర్ర, ఉప్పు కలిపి నూరి గుంటంతా పూసి, గంట ఆగి కడిగేస్తే రాతి వాసన పోతుంది. కొందరు నూనె రాసి నానబెట్టమంటారు. నేను వద్దంటాను. రాతి గరుకులో దిగిన నూనె కొన్నాళ్ళకు మక్కు వాసన కొడుతుంది, అది వదిలించడం కష్టం.

ఎక్కడ పెట్టాలన్నది అపార్ట్‌మెంట్లలో పెద్ద చిక్కు. వంటగట్టు మీద పెడితే రోలు ఎత్తు కలిసి పని భుజాల దాకా వస్తుంది, నెల తిరిగేసరికి మెడ పట్టేస్తుంది. పైగా గట్టు బండ కింద గోడ ఆధారం లేనిచోట, సింకు పక్కన, స్టవ్ కోసం కోసినచోట దంచితే బండే బీటతీస్తుంది. నేలమీద నాలుగు మడతల గోనెపట్ట పరిచి దానిమీద రోలు, ఎదురుగా రెండు అంగుళాల పీట, ఇదే కుదిరిన పద్ధతి. గోనెపట్ట లేకపోతే కింది ఇంటివాళ్ళకు ప్రతి పోటూ వినిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముక్కాలి పీట మీద కూర్చుని, మోకాళ్ళ ఎత్తు ఉన్న గట్టి చెక్క స్టూలు మీద రోలు పెట్టుకోవచ్చు. స్టూలు కాళ్ళు ఊగకూడదు.

ఇక దీన్ని కొన్నందుకు అసలు ఫలం, ఊరిమిండి. నలుగురికి నూరు గ్రాముల వేరుశెనగ గింజలు. బయటినుంచి వేయించినవి తెస్తే రుచి రాదు. ఇనప మూకుట్లో సన్న సెగ మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు కదుపుతూ వేయించాలి. తొక్క మీద గోధుమ మచ్చలు పడి, రెండు వేళ్ళతో నలిపితే ఊడిరావాలి. సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, ఆ పచ్చివాసన ఎంత కారం వేసినా పోదు. వేయించిన గింజలు పూర్తిగా చల్లారాలి. ఇది చాలామంది తప్పే చోటు. వేరుశెనగలో దాదాపు సగం బరువు నూనే. వేడిమీద నూరితే ఆ నూనె ఒక్కసారిగా వదిలి జిడ్డు ముద్ద అయిపోతుంది. గింజ ఏ రకమైనా సరే కొత్త పంటదైతే చాలు. నారాయణి, ధరణి లాంటి రకాలు మన తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చినవే, చుట్టుపక్కల పల్లెల్లో చెనక్కాయలు పండని ఊరు తక్కువ.

అదే మూకుట్లో నాలుగు చుక్కల నూనె వేసి ఏడెనిమిది పచ్చిమిరపకాయలు బొబ్బలెక్కేదాకా మగ్గించండి. నూరే వరుసలోనే రహస్యమంతా ఉంది. మొదట కల్లుప్పు, మిరపకాయలు. ఉప్పు రాళ్ళు ఇసకలా పనిచేసి మిరప తొక్కను చీలుస్తాయి, సన్నుప్పుతో ఆ పని జరగదు. తర్వాత గోలీకాయంత చింతపండు, ముందే రెండు చెంచాల వేడినీళ్ళలో నానింది. ఆ వెనుక నాలుగు వెల్లుల్లి రెబ్బలు. ఇవన్నీ నలిగాకే గింజలు, అవీ మూడు విడతలుగా. గింజలు ముందు వేస్తే వాటి నూనె రాతికి పూసుకుని మిరపతొక్క జారిపోతుంది, చివరిదాకా పేలికలుగానే ఉంటుంది. మొదటి పది పోట్లు నిలువుగా, ఎడమచెయ్యి గుంటకు అడ్డంగా పెట్టి. తర్వాత రోకలిని గుంట గోడకు ఆనించి తిప్పుతూ నూరాలి. మొత్తం ఏడు నిమిషాలు పడుతుంది. నీళ్ళు చివర్లోనే, మూడు నాలుగు చెంచాలు. ముందే పోస్తే కారం నీళ్ళు కంట్లోకి చిమ్ముతాయి. ఆఖరున చిన్న ఎర్రగడ్డ (ఉల్లిపాయ) ముక్కలు వేసి రెండు మూడు పోట్లు, అంతే. నలగకూడదు, చితకాలి.

మిక్సీలో ఇదే సరుకు ఒక నిమిషంలో అయిపోతుంది, మరి తేడా ఏమిటంటే, మిక్సీ బ్లేడు నిమిషానికి పదిహేను ఇరవై వేల సార్లు తిరుగుతూ కోస్తుంది, గాలిని కలుపుతుంది, జారు వేడెక్కుతుంది. పచ్చడి తెల్లబారి నురగగా, అంతా ఒకే మెత్తన. రోలు కొయ్యదు, నలుపుతుంది. ఒక గింజ పూర్తిగా ముద్దవుతుంది, పక్కది సగం పలుకుగా మిగులుతుంది, నూనె పైకి తేలి రంగు ముదురుతుంది. సంగటి ముద్దకు రుచి లేదనుకునేవాళ్ళు ఈ పలుకులు పంటికింద పడ్డాక ఆ మాట అనరు.

సంగటి కొలత కూడా చెప్పేస్తాను. గ్లాసు నూకలు, ఐదు గ్లాసుల నీళ్ళు, గ్లాసున్నర రాగిపిండి. నూకలు మెత్తబడి ఇంకా గంజి మిగిలి ఉండగానే పిండి నడిమధ్య కుప్పగా పోసి, కట్టెతో కుప్పలో బొక్క పెట్టి, మూతవేసి సన్న సెగన పది నిమిషాలు. పిండి ఆవిరికి ఉడకకముందే కెలికితే ఉండలు కడుతుంది. తడిచేతితో తాకితే అంటకుండా ఉన్నప్పుడు దించి గట్టిగా కెలకాలి.

నాటుకోడి పులుసుకు కొబ్బరి, ధనియాలు, గసగసాలు నూరడంలో కూడా ఈ రోలు మిక్సీని దాటిపోతుంది. గసగసాలు పావుగంట వేడినీళ్ళలో నానితే రోట్లో వెన్నలా అవుతాయి. మిక్సీ జారులో అవి అంచులకు ఎగిరిపడి అలాగే ఉంటాయి. సౌదీ, దుబాయి లాంటి చోట్లకు గసగసాలు తీసుకెళ్ళడమే నేరం కాబట్టి గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళకు ఈ పులుసు ఇంకాస్త ప్రియంగా ఉంటుంది. ఎండు పసుపుకొమ్ములు మాత్రం ఇందులో దంచకండి, ఈ గుంటకు అది మించిన పని.

లోపాలు దాచను. మూడో ఏటికి గుంట అడుగు నునుపెక్కింది. వెల్లుల్లి జారడం, గింజలు ఎగరడం, ఏడు నిమిషాల పని పన్నెండు కావడం, ఇవే గుర్తులు. అప్పుడు కక్కు కొట్టించాలి. ఉలితో మిల్లీమీటరుకు మించని లోతుతో దగ్గరదగ్గరగా చుక్కలు పెట్టించుకోవాలి. లోతుగా కొడితే పచ్చడి ఆ గుంటల్లో ఇరుక్కుని పులుస్తుంది. రోకలి కొనకు కూడా కొట్టించండి, చాలామంది మర్చిపోతారు. కక్కు కొట్టించిన తర్వాత బియ్యం, ఉప్పుతో నూరడం మళ్ళీ మొదటినుంచి చేయాలి, లేకపోతే రాతి నలకలు పళ్ళకు తగులుతాయి. రోజూ వాడే చిన్న రోలుకు రెండు మూడేళ్ళకోసారి సరిపోతుంది. ఆ పని చేసేవాళ్ళు ఇప్పుడు వీధుల్లోకి రావడం తగ్గింది, రోళ్ళు చెక్కి అమ్మేచోటికే తీసుకెళ్ళాలి. అందుకే కొన్నచోటు గుర్తుపెట్టుకోండి.

కడగడానికి సబ్బు వాడొద్దు, రాయి సబ్బు వాసన పట్టుకుంటుంది. వేడినీళ్ళు, పీచు చాలు. జిడ్డు వదలకపోతే గుప్పెడు తవుడు వేసి రుద్దండి. కడిగాక ఏటవాలుగా ఆరబెట్టి, బల్లులు తిరిగే ఇళ్ళల్లో పళ్ళెం మూత పెట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానల కాలం, రాయి ఆరదు, రెండు రోజులు వాడకపోతే ముక్కవాసన వస్తుంది. ఎండ కాసిన పూట బయటపెట్టండి, లేదా స్టవ్ దగ్గర వెచ్చగా ఉంచండి. మంట మీద మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు, తడి దిగిన రాయి వేడికి చిట్లుతుంది.

ఇంకొక్క సంగతి. ఊరిమిండి గిన్నెలోకి తీసేశాక గుంట గోడలకు చెంచాడో రెండు చెంచాలో అంటుకుని మిగులుతుంది. దాన్ని నీళ్ళతో కడిగేయకండి. వేడి సంగటి చిన్న ముద్ద రోట్లో వేసి, నాలుగు చుక్కల నెయ్యి పోసి, గుంటంతా తుడిచినట్టు తిప్పండి. రోలు సగం శుభ్రమైపోతుంది. ఆ ముద్ద నూరినవాళ్ళదే.