గుమ్మానికీ బండికీ వాక్యం: రేడియం, అక్రిలిక్, గ్రానైట్‌లలో ఏది నిలుస్తుంది?

తెలుగు ఊళ్లలో విశ్వాసి ఇల్లు ఏదో అడిగి తెలుసుకోవాల్సిన పని ఉండదు. గేటు స్తంభం మీద "ఎబెనెజరు" అనో, గుమ్మం పైన "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అనో రాసి ఉంటుంది. ఆటోల వెనక "యేసయ్య కృప", బైకుల మీద "యెహోవా నా కాపరి" రోజూ కనిపించేవే. అయితే వీటిని చేయించే సరుకు అంతా ఒక్కటి కాదు. కొన్ని ఏళ్ల తరబడి ఉంటాయి. కొన్ని ఒక్క వేసవికే వెలిసి, వానాకాలానికి సగం అక్షరాలు ఊడిపోతాయి. దేవుని మాట అలా చిరిగి వేలాడుతుంటే చూడటానికి మనసొప్పదు. అందుకే దొరికే రకాల మంచీ చెడూ, చేయించేటప్పుడు గట్టిగా అడగాల్సినవీ ఇక్కడ రాస్తున్నాం. తీర్పు ముందే చెప్పాలంటే: బండికి రేడియం కటింగ్, ఇంటి బయటకు గ్రానైట్, అద్దె ఇంటికి అక్రిలిక్. రెడీమేడ్ స్టిక్కరు ఇంటి లోపలికి మాత్రమే.

సభల దగ్గరా, క్రైస్తవ పుస్తకాల స్టాళ్లలోనూ అమ్మే రెడీమేడ్ స్టిక్కర్లలో చాలావరకు కాగితం మీద అచ్చువేసి పైన సన్నటి ప్లాస్టిక్ పొర వేసినవే. మూల కొంచెం చింపి చూడండి. తెల్లటి పీచు లేస్తే కాగితం, చిరగకుండా సాగితే పీవీసీ. కాగితం రకం బీరువాకీ ఫ్రిజ్‌కీ గది తలుపుకీ బాగానే ఉంటుంది. పెట్రోలు ట్యాంకు మీద వేస్తే మాత్రం మొదటి వానకే అంచుల్లోంచి నీళ్లు దిగి ఉబ్బిపోతుంది. పీవీసీ రకం వానకు ఆగుతుంది కానీ పైన లామినేషన్ లేకపోతే ఎండకు ఆగదు. ఎరుపు, పసుపు రంగులు ముందు పోయి నీలం, నలుపు మిగులుతాయి. ఎర్రటి సిలువ బొమ్మ ఉన్న స్టిక్కరు కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అసలు చెప్పుకోవాల్సింది రేడియం షాపు పని గురించి. ఇక్కడ అచ్చు ఉండదు. వెనక జిగురు ఉన్న రంగు ప్లాస్టిక్ షీటును (వినైల్ అంటారు) ప్లాటర్ మిషన్ అక్షరాల ఆకారంలో కోస్తుంది. అక్కర్లేని భాగాన్ని చేత్తో ఒలిచేసి, మిగిలిన అక్షరాల మీద ట్రాన్స్‌ఫర్ టేపు అంటించి, దాంతో ఎత్తి బండి మీద వేస్తారు. షీటు రంగే అక్షరం రంగు కాబట్టి సిరా వెలిసిపోయే బాధ లేదు. తెలుపు, నలుపు అన్నిటికంటే ఎక్కువ కాలం ఉంటాయి.

షాపులో అన్నిటినీ రేడియమే అంటారు గానీ, రాత్రి హెడ్‌లైటు పడితే మెరిసే షీటు వేరు, మామూలు వినైల్ వేరు. డబ్బులు మెరిసేదానికి తీసుకుని మామూలుది వేసే చోట్లు ఉన్నాయి. తేల్చుకోవడం తేలిక. కొంచెం చీకటిగా ఉన్న చోట ఫోన్ టార్చి కంటి పక్కనే పెట్టుకుని షీటు వైపు చూడండి. అసలైనదైతే వెలుగు నేరుగా మీ కంటికే తిరిగొచ్చి తళుక్కుమంటుంది. టార్చి చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటే ఆ మెరుపు పోతుంది. మామూలు వినైల్ ఎలా పట్టుకున్నా ఒకేలా ఉంటుంది.

తెలుగు కటింగ్‌లో పని చెడేది ఎక్కువగా ఒత్తుల దగ్గరే. ఇంగ్లీషు అక్షరం ఒక్క ముక్కగా లేస్తుంది. తెలుగులో ఒత్తులు చాలాసార్లు విడి ముక్కలు. ఒలిచేటప్పుడు చెత్తతో పాటు అవీ వచ్చేస్తాయి, లేదా నెల తర్వాత బండి కడిగినప్పుడు పోతాయి. రావత్తు ఊడితే "ప్రభువు" కాస్తా "పభువు" అవుతుంది. కింద గీత పోతే "ధన్యులు" కాస్తా "దన్యులు" అవుతుంది. "క్రీస్తు"లో రెండు ఒత్తులూ పోతే ఏం మిగులుతుందో రాసి చూపించడం ఇష్టం లేదు. దీనికి మందు రెండు పనులు. ఒకటి, సన్నగా వంపులు తిరిగే అలంకారపు ఫాంటు వద్దనాలి. అన్ని గీతలూ ఒకే మందంలో ఉండే బొద్దు ఫాంటు అడగాలి, ఎంత చిన్న ఒత్తులోనైనా గీత 3 మి.మీ.కు తగ్గకూడదు. రెండు, ఒత్తును పై అక్షరానికి కొద్దిగా తగిలించి ఒకే ముక్కగా కలపమని చెప్పాలి. ఆపరేటరుకు అది కంప్యూటర్లో రెండు నిమిషాల పని. అడగకపోతే చేయడు.

ఇంకో చిక్కు టైపింగ్‌ది. చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పాత పద్ధతి అను ఫాంట్లే. మీరు వాట్సాప్‌లో పంపిన వాక్యం ఫోన్లూ ఇంటర్నెట్టూ వాడే యూనికోడ్ పద్ధతిలో ఉంటుంది, రెండూ కలవవు. దాన్ని పాత ఫొటోషాప్‌లోనో కోరల్‌డ్రాలోనో నేరుగా పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకు జరుగుతాయి. ఆపరేటరు అలవాటు కొద్దీ సరిచేసుకుంటూ పోతాడు, ఎక్కడో ఒకటి తప్పిపోతుంది. పైగా మన బైబిలు పాత అనువాదంలో "యింటివారును", "చూచి", "ప్రకాశింపనియ్యుడి" లాంటి రూపాలు ఉంటాయి. తప్పనుకుని "ఇంటివారు", "చూసి" అని దిద్దేస్తారు. కాబట్టి కోయకముందే స్క్రీన్ మీద కాకుండా కాగితం మీద ప్రింటు తీయించుకుని, బైబిలు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. అధ్యాయం, వచనం అంకెలు కూడా. యెహోషువ 24:15 అని ఉండాల్సిన చోట 24:5 అని పడితే, బైబిలు తీసి చూసిన అన్యుడికి అసలు సంబంధం లేని వచనం దొరుకుతుంది.

సైజు సంగతి. బోర్డులు రాసేవాళ్ల లెక్క ప్రకారం 10 అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం సుఖంగా చదవొచ్చు. ఒత్తులూ గుడులూ ఉన్న తెలుగుకు అది చాలదు, ఒకటిన్నర వేసుకోవాలి. ఆటో వెనక వచ్చే బండి 15 నుంచి 20 అడుగుల ఎడంలో ఉంటుందనుకుంటే రెండున్నర, మూడు అంగుళాల అక్షరం కావాలి. మూడడుగుల వెడల్పులో రెండున్నర అంగుళాల అక్షరాలు ఖాళీలతో కలిపి పద్నాలుగుకు మించి పట్టవు. "యెహోవా నా కాపరి" ఒక వరుసలో హాయిగా సరిపోతుంది. "నేనును నా యింటివారును..." రెండు వరుసలు అవుతుంది. మత్తయి 5:16 ("మీ వెలుగు ప్రకాశింపనియ్యుడి" అని ముగిసే వచనం) మొత్తం రాయించాలని పట్టుబడితే అక్షరం అరంగుళానికి దిగిపోయి, ఎవరూ చదవలేని గీతల మూటలా మిగులుతుంది. అంత పొడవైన వచనానికి ఇంటి గోడే తగినది.

ఏ వాక్యం అన్నదాని మీద కూడా మా అభిప్రాయం గట్టిదే. బండి మీదకు "నా", "మేము", "నేను" అని ఉండే వచనం ఎంచుకోండి. అది మీ విశ్వాసాన్ని మీ నోటితో చెప్పడం. వెనక స్కూటర్ మీద వచ్చే హిందూ సోదరుడో ముస్లిం సోదరుడో దాన్ని మనస్ఫూర్తిగా చదువుతాడు. తీర్పు, నాశనం గురించిన వచనం సందర్భం లేకుండా ట్రాఫిక్‌లో ఎదురైతే అది అతన్ని తిట్టినట్టే ఉంటుంది. ఇంకొకటి. వాక్యం వేసిన బండి రాంగ్ రూటులో వచ్చినా, ఆటో మాట్లాడుకున్నదాని కంటే పది రూపాయలు ఎక్కువ అడిగినా జనం బండి నంబరు గుర్తుపెట్టుకోరు, వెనకున్న పేరు గుర్తుపెట్టుకుంటారు. మత్తయి 5:16లో మనుషులు చూసేది సత్క్రియలను. స్టిక్కరు ఆ క్రియల కింద చేసే సంతకం మాత్రమే. ఆరో అధ్యాయం మొదట్లోనే, మనుషులకు కనబడాలని నీతికార్యం చేయొద్దన్న హెచ్చరిక కూడా ఉంది. రోజూ డ్యూటీలో కోపం ఆపుకోవడం ఇంకా అలవాటు కాలేదనుకునేవాళ్లు బండి లోపల, డాష్‌బోర్డు మీద, తమ కళ్లకే కనబడేలా చిన్నది పెట్టుకోవడం మంచిది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

అతికించే పద్ధతి. ముందు సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత మెత్తని గుడ్డకు స్పిరిట్ తడిపి తుడవాలి. బండి పాలిష్‌లోని మైనం, సిలికాన్ పోకపోతే ఏ జిగురూ పట్టదు. స్టిక్కరు వారంలో ఊడిందంటే చాలావరకు కారణం అదే, షీటు నాణ్యత కాదు. మిట్ట మధ్యాహ్నం కాలే ఇనుము మీద వేయకూడదు, జిగురు తగలగానే పట్టేసి సర్దే వీలుండదు. పొద్దున్నే గానీ, నీడలో సాయంత్రం గానీ వేయాలి. మామూలు వినైల్ అయితే లీటరు నీళ్లలో నాలుగు చుక్కలు బేబీ షాంపూ కలిపి చల్లి, దాని మీద పరిచి జరుపుకోవచ్చు. ప్లాస్టిక్ కార్డుకు గుడ్డ చుట్టి మధ్యలోంచి అంచులకు నీళ్లు తోసేయాలి. మెరిసే షీటుకు ఈ తడి పద్ధతి వద్దు, పొడిగానే వేయాలి. టేపును నిలువుగా లాగకుండా, వెనక్కి మడిచి ఉపరితలానికి ఆనించి మెల్లగా లాగాలి. ఒత్తులు లేచేది ఈ అంకంలోనే, ఏదైనా లేస్తే టేపు తిరిగి వేసి గోటితో రుద్ది మళ్లీ లాగండి. 24 గంటలు కడగొద్దు. తర్వాత కూడా వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపును అంచుల మీద దగ్గరగా పెట్టనివ్వొద్దు. ఆటో టాపు రెక్సిన్ మీద మాత్రం ఎంత మంచి రేడియమైనా నిలవదు, ముడతల దగ్గర లేచిపోతుంది. దానికి పెయింటర్ చేత రాయించుకోవడమే దారి.

ఎక్కడ వేయకూడదో కూడా తెలియాలి. నంబరు ప్లేటు మీద సిలువ గుర్తు గానీ, "యేసు" అనే పేరు గానీ ఉండకూడదు. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం ప్లేటు మీద రిజిస్ట్రేషన్ నంబరుకే చోటు. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు దూరాలని అవే నియమాలు చెబుతున్నాయి. వెనక అద్దం నిండా వాక్యం వేస్తే డ్రైవరుకు వెనక వచ్చే బండి కనబడదు. కారుకైతే డిక్కీ రేకు మీద వేయడం అన్ని విధాలా మేలు.

ఇక ఇల్లు. సొంతిల్లయితే నల్ల గ్రానైట్ పలక మీద చెక్కించడానికి సాటి లేదు. చెక్కుడు లోతు కనీసం 2 మి.మీ. ఉండాలని ముందే మాట్లాడుకోండి. పైపైన గీసిన పలకలో బంగారు రంగు రెండు వానాకాలాలకే పోయి, అక్షరం ఉందో లేదో తెలియదు. లోతుగా ఉంటే రంగు పోయినప్పుడల్లా సన్న బ్రష్షుతో ఎనామిల్ నింపుకుని, పైన అంటినదాన్ని టర్పెంటైన్ గుడ్డతో తుడిచేస్తే మళ్లీ కొత్తదే. గుమ్మం పైన ఏడడుగుల ఎత్తులో కంటే గేటు స్తంభానికి కంటి ఎత్తులో, అయిదడుగుల దగ్గర పెట్టించండి. పాలవాడు, పోస్ట్‌మాన్, కొరియర్ కుర్రాడు అందరూ ఆగి నిలబడేది అక్కడే.

అక్రిలిక్ చూడటానికి బాగుంటుంది, తేలిక, ఇల్లు మారినప్పుడు విప్పుకుపోవచ్చు. మేకు కొట్టే ముందు ఇంటి యజమానిని అడగడం మర్యాద. అక్రిలిక్ మూలల్లో పగుళ్లు రావడానికి కారణం స్క్రూ బిగుతు. ఎండకు పలక వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం స్క్రూ కంటే ఒకటి రెండు మి.మీ. పెద్దదిగా ఉండి, మధ్యలో రబ్బరు వాషరు పడాలి. మచిలీపట్నం, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇనుప స్క్రూలు వేస్తే తుప్పు కారి వాక్యం మీద గోధుమరంగు చారలు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి. వెనక ఎల్ఈడీ వేయించేవాళ్లు 12 వోల్టుల అడాప్టరును ఇంటి లోపల పెట్టించి, బయటకు తీగ మాత్రమే తీసుకురావాలి. బోర్డు వెనక దాచిన అడాప్టరు వానకు పోతుంది. సగం లైట్లు ఆరిపోయిన బోర్డు కంటే లైట్లు లేనిదే నయం.

సన్‌బోర్డు (తేలికపాటి నురుగు ప్లాస్టిక్ పలక) ఎండకు వంగుతుంది, ఎండీఎఫ్ చెక్క తేమకు ఉబ్బుతుంది. రెండూ హాల్లో గోడకు సరే, బయటకు వద్దు. ఫ్లెక్సీ క్రిస్మస్ వారానికి తప్ప ఇంటికి పనికిరాదు.

అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు తమ తలుపు దాటి లిఫ్టులోనో మెట్ల గోడ మీదో వాక్యం అంటించకూడదు. అది అందరి గోడ. అడగకుండా అంటించినది చదివినవాడికి ముందు కనబడేది వాక్యం కాదు, మన పెత్తనం.

పాడైనదాన్ని అలాగే వదిలేయొద్దు. హెయిర్ డ్రయర్‌తో నిమిషం పాటు వేడి చేసి, మూల లేపి, మెల్లగా వెనక్కి మడుస్తూ లాగితే వినైల్ మొత్తంగా వస్తుంది. మిగిలిన జిగురు మీద నీలగిరి తైలం రాసి ఐదు నిమిషాలు ఉంచి తుడవాలి. బ్లేడుతో గీకితే పెయింటు పోతుంది. తైలం జిడ్డు పోయేదాకా మళ్లీ స్పిరిట్‌తో తుడిచాకే కొత్తది వేయాలి.