పాత జాయింటర్ బ్లేడ్ల అమరిక: చెక్కపుల్ల, డయల్ గేజ్, అయస్కాంతం – ఏది మేలు?

పాత జాయింటర్ (తిరిగే బ్లేడ్లతో చెక్క పలకని చదునుగా చిత్రిక పట్టే మిషన్) కొన్నవాళ్లు ముందు తుప్పు వదిలిస్తారు, బేరింగులు మారుస్తారు. అంతా అయ్యాక కూడా పలక చివర చిన్న గుంట పడుతూనే ఉంటే టెన్షన్ మొదలవుతుంది. నాకూ అదే జరిగింది. రెండు రోజుల పాటు ముందు టేబుల్‌ని (పలక లోపలికి వెళ్లే వైపుది) పైకీ కిందకీ కదిపి చూశాను. తప్పు అక్కడ లేదు. మూడు బ్లేడ్లలో ఒకటి మిగతా రెండిటికన్నా పైకి ఉంది, కోతంతా ఆ ఒక్కటే కోస్తోంది. వెనక టేబుల్ (కోసిన పలక బయటికి వచ్చే వైపుది) ఆ బ్లేడ్ కన్నా కిందికి ఉండటంతో పలక చివర గుంట పడుతోంది.

బ్లేడ్లన్నీ వెనక టేబుల్‌తో దాదాపు సమంగా, మహా అయితే వెంట్రుకవాసి పైకి ఉండాలి. అలా అమర్చడానికి మూడు పద్ధతులున్నాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు.

అయస్కాంతపు జిగ్ (బ్లేడ్‌ని సరైన చోట పట్టి ఉంచే సాధనం) చూడటానికి అన్నిటికన్నా సులువు. వెనక టేబుల్ మీద పెడితే బ్లేడ్‌ని పైకి లాగి టేబుల్ ఎత్తులో పట్టుకుంటుంది, మీరు బోల్టులు బిగిస్తారు. కొత్త మిషన్‌కి బాగానే ఉంటుంది. పాతదానికి మాత్రం నేను సిఫారసు చేయను. ఏళ్ల తరబడి వాడిన టేబుల్ మధ్యలో కొంచెం అరిగి ఉంటే జిగ్ ఆ పల్లాన్నే నమ్ముకుంటుంది. పైగా బోల్టు బిగించేటప్పుడు బ్లేడ్ కొద్దిగా పైకి జరుగుతుంది, దాన్ని ఆపే బలం అయస్కాంతానికి చాలదు.

డయల్ గేజ్ అంటే గడియారంలా ముల్లు తిరిగే కొలత పరికరం, 0.01 మి.మీ. తేడా కూడా అంకెల్లో చూపిస్తుంది. బ్లేడ్లు బిగించి ఉండే డ్రమ్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ ముల్లు ఎక్కడ అన్నిటికన్నా పైకి వెళ్లిందో చూసి, ప్రతి బ్లేడ్‌నీ రెండు చివర్లా, మధ్యలో కొలుస్తాం. దీని అసలు ఉపయోగం వేరే ఉంది. బ్లేడ్లు తీసేశాక డ్రమ్ ఒంటినే కొలిస్తే, వెనక టేబుల్ డ్రమ్‌కి సమాంతరంగా ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ పని చెక్కపుల్ల అంత బాగా చేయలేదు.

అయినా బ్లేడ్ల అమరికకి నా ఓటు చెక్కపుల్లకే. ఒక అంచు చక్కగా చిత్రిక పట్టిన పుల్లని వెనక టేబుల్ మీద, కొన బ్లేడ్ల పైకి వచ్చేలా పెట్టి, టేబుల్ అంచు దగ్గర దాని మీద ఒక గీత గీయండి. డ్రమ్‌ని వెనక్కి తిప్పండి, అప్పుడు పదును చెక్కని కొరకదు. బ్లేడ్ పుల్లని కొంత దూరం మోసుకెళ్లి వదిలేస్తుంది. ఆ దూరమే మన కొలత.

ఇంత మామూలు పుల్ల అంత కచ్చితంగా ఎలా చెబుతుంది? బ్లేడ్ అంచు తిరిగే వృత్తం వ్యాసం 75 మి.మీ. అనుకుందాం. బ్లేడ్ టేబుల్ కన్నా 0.03 మి.మీ. పైకి ఉంటే పుల్ల సుమారు 3 మి.మీ. జరుగుతుంది. 4 మి.మీ. జరిగిందంటే బ్లేడ్ ఎత్తు 0.05 దాటినట్టే. అంటే కంటికి కనిపించని 0.02 మి.మీ. తేడా పుల్ల మీద ఒక మిల్లీమీటరై కనిపిస్తుంది! ఇది తెలిశాక పుల్ల మీద నాకు గౌరవం పెరిగింది. అన్ని బ్లేడ్లూ, రెండు చివర్లా మధ్యలో, అదే 3 మి.మీ. జరిపితే పని అయినట్టే.

బోల్టులు మధ్య నుంచి చివర్ల వైపు, రెండు మూడు విడతల్లో కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకేసారి గట్టిగా బిగిస్తే బ్లేడ్ వంగుతుంది. చివరి బిగింపు అయ్యాక పుల్లతో మళ్లీ చూడండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

టేబుళ్లు రెండూ ఒకే మట్టంలో లేకపోతే ఏ పద్ధతీ కాపాడదు. పొడవాటి స్కేలు రెండిటి మీదా పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు ఎంతుందో కొలిచే పలుచటి రేకులు) దూరిస్తే సంగతి తెలుస్తుంది. టేబుల్ చివర వాలితే, అది జారే పట్టాల్లో పలుచటి రేకు ముక్కలు పెట్టి లేపాలి. బ్లేడ్లు ముట్టుకోవడం ఆ తర్వాతే.