ప్రైన్‌విల్‌లో థండర్ఎగ్ కోయించాలంటే ఈ కొట్టుకే వెళ్లండి

అమెరికాలోని ఆరిగన్‌లో, ఒచోకో అడవిలో వైట్ ఫర్ స్ప్రింగ్స్ దగ్గర థండర్ఎగ్‌లు (లోపల రంగురాయి దాగి ఉండే గుండ్రటి రాతి ఉండలు) తవ్వుకుని, ఎక్కడ కోయించాలా అని వెతికేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మేం హిల్స్‌బరోలో ఉంటాం. అడవిలో తవ్వడానికి టికెట్ అక్కర్లేదు. సొంతానికైతే పలుగు, పార పట్టుకుని ఎవరైనా తవ్వుకోవచ్చు, వచ్చేటప్పుడు గుంతలు పూడ్చాలి. చలికాలం మంచు పడితే దారి మూసుకుపోతుంది.

1965 నుంచి థండర్ఎగ్ ఆరిగన్ రాష్ట్ర శిల. కోసి మెరుగు పెట్టినవి రాళ్ల కొట్లలో ఎన్నైనా దొరుకుతాయి. కానీ మన చేత్తో తవ్వి తీసింది పైకి మట్టి ఉండలా ఉంటుంది, లోపల ఏముందో కోస్తే తప్ప తెలీదు. రంపం తప్పు చోట పెడితే అంతా పోయినట్టే. ఈ కొట్టు గొప్పతనం అక్కడే ఉంది.

రంపం దగ్గరుండే పెద్దాయన రాయిని వెంటనే మిషన్‌కి బిగించరు. బ్రష్‌తో రుద్ది, నీళ్లలో ముంచి తీసి, బల్ల మీద ఆరబెడతారు. మా నాన్నగారు కృష్ణ ఒడ్డున రంగురాళ్లు ఏరుకుంటూ పెరిగిన మనిషి. ఆయన ఓ రాయి మీద వేలు పెట్టి, ఇక్కడ కోయమన్నారు. పెద్దాయన కాదనలేదు, కాసేపు ఆగమన్నారు. రాయంతా ఆరింది గానీ నాన్న వేలు పెట్టిన చోట వెంట్రుకంత చార తడిగానే ఉండిపోయింది. పగులు ఉంటే నీళ్లు పట్టి ఉంచుతుంది, ఆఖరున ఆరుతుంది. అక్కడ కోస్తే ముక్కలైపోయేది. పగులుకి దూరంగా, పైన ఉబ్బెత్తుగా కనబడే గట్టుకి అడ్డంగా పెన్సిల్‌తో గీత గీసి, "ఇక్కడైతే సరేనా?" అని నాన్ననే అడిగారు.

వజ్రపు పొడి అద్దిన బ్లేడు నూనెలో తడుస్తూ నెమ్మదిగా కోస్తుంది. ఇంట్లో గ్రైండర్‌తో పొడిగా కోద్దామనుకునేవాళ్లు దయచేసి ఆ పని చేయకండి, ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. కోసిన రాయి రెండు చెక్కలూ విడదీసి, నూనె తుడిచి నాన్న చేతిలో పెట్టారు. చుట్టూ గోధుమరంగు రయోలైట్ అనే అగ్నిపర్వత శిల, మధ్యలో నక్షత్రం ఆకారంలో ఎర్రటి జాస్పర్, దాని నడుమ నీలిబూడిద రంగు అగేట్, రెండూ రంగురాళ్లే. నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

మెరుగు పెట్టే విషయంలో మాత్రం నేను తృప్తిగా లేను. రెండు వారాలన్నారు, నెల దాటింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఒక చెక్క అద్దంలా వచ్చింది, రెండోదాని అంచున రంపం గీతలు అలాగే ఉన్నాయి. ముతక గ్రిట్‌తో (రాయిని అరగదీసే గరుకు పొడి) ఇంకాస్త రుద్ది ఉంటే పోయేవి. ముతకది తొందరగా ముగిస్తే చివర్లో మెరుపు తెప్పించే సీరియం ఆక్సైడ్ పొడి ఎంత పట్టించినా ఆ గీతలు పోవు.

అందుకని కోత ఇక్కడ చేయించుకోండి, మెరుగు ఓపికుంటే ఇంట్లో పెట్టుకోండి. కోతకి అయిదు నక్షత్రాలూ ఇస్తాను, మెరుగుకి రెండే. నూనె వాసన పోవాలంటే చెక్కల్ని రాత్రంతా పిల్లుల లిట్టర్‌లో (పెంపుడు పిల్లుల మలమూత్రాల తొట్టిలో పోసే, తడి పీల్చే గుళికలు; వాడనివి) పాతిపెట్టి, పొద్దున గిన్నెల సబ్బుతో కడగండి. రాళ్లు మాత్రం ఇంటి దగ్గరే మట్టి వదిలేలా కడిగి పట్టుకెళ్లండి, మీ వంతు త్వరగా వస్తుంది.