తక్కువ బడ్జెట్‌లో ఇండోర్ సైకిల్ ట్రైనర్: నా ఓటు ఫ్లూయిడ్‌కే

చలికాలంలో పొద్దున తెల్లారడం లేటు, సాయంత్రం చూస్తే ఆరు కాకముందే చీకటి, ఇంక రోడ్డెక్కే టైమ్ ఎక్కడుంటుంది చెప్పండి. ఏడాదంతా కష్టపడి తెచ్చుకున్న స్టామినా పోకూడదంటే ఇంట్లోనే తొక్కాలి, దానికి ట్రైనర్ కావాలి, అంటే సైకిల్ ముందుకు కదలకుండా ఉన్నచోటే తొక్కనిచ్చే స్టాండ్. తీరా కొందామని చూస్తే స్మార్ట్ అంటారు, డైరెక్ట్ డ్రైవ్ అంటారు, రోలర్స్ అంటారు, బుర్ర తిరిగిపోద్ది. నేను ఫ్లూయిడ్ ట్రైనర్ వాడుతున్నా, దానికి ముందు మ్యాగ్నెటిక్ కూడా వాడా కాబట్టి రెండిటి తేడా బాగా తెలుసు, అదే చెప్తా.

తక్కువలో దొరికేవన్నీ దాదాపు వీల్ ఆన్ టైపే. అంటే సైకిల్ వెనక చక్రం తియ్యకుండానే ఇరుసు దగ్గర స్టాండ్‌కి బిగిస్తాం, టైరు ఒక చిన్న రోలర్‌కి ఆనుకుని తిరుగుతుంది. ఆ రోలర్‌ని ఆపే బలం అయస్కాంతం నుంచి వస్తే మ్యాగ్నెటిక్, లోపల మూసేసిన డబ్బాలో ఉన్న ద్రవం నుంచి వస్తే ఫ్లూయిడ్.

అన్నిటికంటే చవక మ్యాగ్నెటిక్. హ్యాండిల్‌కి ఒక చిన్న లివర్ తగిలించుకుని లెవెల్స్ మార్చుకోవాలి. పనికిరాదని అనను, రోజూ అరగంట చెమట పట్టేలా తొక్కితే చాలు అనుకునేవాళ్ళకి అది సరిపోద్ది. కానీ అందులో ఒక లెవెల్ మీద పెట్టాక ఎంత స్పీడ్ పెంచినా లోడ్ పెద్దగా పెరగదు, కాళ్ళు ఊరికే గిరగిరా తిరుగుతున్నట్టు ఉంటుంది, రోడ్డు మీద తొక్కిన ఫీల్ రాదు. ఫ్లూయిడ్‌లో అలా కాదు. రోడ్డు మీద స్పీడ్ పెరిగేకొద్దీ గాలి ఎదురు తోస్తుంది కదా, స్పీడ్ డబుల్ అయితే గాలి అడ్డం నాలుగింతలు అవుతుంది, దాన్ని దాటడానికి పెట్టాల్సిన పవర్ ఎనిమిదింతలు. ద్రవం కూడా దాదాపు అదే లెక్కలో అడ్డుకుంటుంది. లివర్లు, వైర్లు ఏం ఉండవు, గేర్ మార్చి గట్టిగా తొక్కితే లోడ్ దానంతటదే వచ్చేస్తుంది. ఇంటర్వల్స్ (కాసేపు ఫుల్లుగా, కాసేపు తేలిగ్గా మార్చి మార్చి తొక్కడం) చేసేవాళ్ళకి ఇది చాలా పెద్ద విషయం అండి, రెండు నిమిషాలు ఫుల్లుగా తొక్కి గేర్ దించగానే కాళ్ళు తేలికైపోతాయి, మధ్యలో చెయ్యి ఎక్కడా పెట్టక్కర్లేదు. సారిస్ ఫ్లూయిడ్2, కర్ట్ కైనెటిక్ రోడ్ మెషిన్ లాంటివి ఈ రకంలో బాగా పేరున్నవి. కొత్తది కాకపోయినా సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలొద్దు.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ద్రవం వేడెక్కేదాకా లోడ్ కొంచెం మారుతూ ఉంటుంది. అందుకే మొదటి పది నిమిషాలు వార్మప్‌కి వదిలేసి ఆ తర్వాతే స్పీడ్, పవర్ నంబర్లు చూస్కోండి.

సౌండ్ గురించి అందరూ అడుగుతారు. మ్యాగ్నెటిక్ కంటే ఫ్లూయిడ్ మామూలుగా సైలెంట్‌గానే ఉంటుంది, కానీ అస్సలు సౌండ్ రాదని ఎవరైనా చెప్తే నమ్మకండి. సగం సౌండ్ టైరుదే. ఎంటీబీకి (మౌంటెన్ బైక్‌కి) ఉండే బొడిపెల టైరుతో ఎక్కితే ఇల్లంతా గోల, ట్రైనర్ కూడా ఊగిపోద్ది, నున్నటి టైరు వేసుకోవాల్సిందే. రెగ్యులర్‌గా తొక్కేవాళ్ళైతే ట్రైనర్ కోసమే వచ్చే గట్టి రబ్బరు టైరు ఒకటి కొనుక్కోండి, లేకపోతే రోడ్డు టైరు వేడికి తొందరగా అరిగిపోయి కింద నల్లటి పొడి రాలుతుంది. ఆ స్పెషల్ టైరు వేసుకుని మాత్రం రోడ్డు మీదకి పోవద్దు, గ్రిప్ ఉండదు. ఇంక కింది ఫ్లోర్ వాళ్ళకి వినపడేది గాల్లోంచి వచ్చే సౌండ్ కాదు, నేల ద్వారా పోయే అదురు, దానికి మందపాటి రబ్బరు మ్యాట్ వెయ్యాలి.

బిగించేటప్పుడు రోలర్ టైరుకి తగిలాక నాబ్‌ని ఇంకో రెండు మూడు చుట్లు తిప్పితే మామూలుగా సరిపోద్ది, మీ మోడల్ మాన్యువల్‌లో ఎంత రాశారో అదే ఫైనల్. లూజుగా ఉంటే గట్టిగా తొక్కినప్పుడు టైరు జారుద్ది, మరీ టైటైతే టైరు పాడవుద్ది. ప్రతిసారీ గాలి ఒకే ప్రెషర్‌లో పెట్టుకుంటేనే నిన్నటి రైడ్‌కి ఇవాళ్టి రైడ్‌కి పోలిక కుదురుద్ది.

కొనేముందు మీ సైకిల్ వెనక ఇరుసు ఏ రకమో తప్పకుండా చూస్కోండి. క్విక్ రిలీజ్ (చిన్న లివర్ తిప్పి చక్రం ఊడదీసే రకం) అయితే ట్రైనర్‌తో పాటే ఒక స్టీల్ స్క్యూవర్ (ఇరుసులో దూర్చే సన్నటి కడ్డీ) వస్తుంది, సైకిల్‌ది తీసి అది వేస్తే అయిపోద్ది. డిస్క్ బ్రేకున్న కొత్త సైకిళ్ళలో ఎక్కువగా త్రూ యాక్సిల్ (ఫ్రేమ్ రంధ్రాల్లోంచి దూర్చి బిగించే లావాటి ఇరుసు) ఉంటుంది, దానికి సరిపడే యాక్సిల్ విడిగా కొనాలి. కార్బన్ ఫ్రేమ్ అయితే ట్రైనర్ మీద వాడినా వారంటీ ఉంటుందో లేదో సైకిల్ కంపెనీ రూల్స్ చదవండి, అందరిదీ ఒకటే రూల్ కాదు.

స్మార్ట్ (యాప్‌తో కలిసి లోడ్ దానంతటదే మార్చుకునేది) కావాలా అంటే, డబ్బులుంటే డైరెక్ట్ డ్రైవ్ బ్రహ్మాండంగా ఉంటుంది, చక్రమే తీసేసి చైన్ నేరుగా ట్రైనర్‌కి తగిలిస్తాం కాబట్టి టైరు గొడవే లేదు, జ్విఫ్ట్ లాంటి, స్క్రీన్ మీద రోడ్డు చూపిస్తూ తొక్కించే యాప్‌లో కొండొస్తే లోడ్ అదే పెరుగుద్ది. కానీ తక్కువ బడ్జెట్‌లో దానికోసం లాక్కుని పీక్కుని డబ్బులు పెట్టక్కర్లేదు. మామూలు ఫ్లూయిడ్ ట్రైనర్‌కి బ్లూటూత్ స్పీడ్ సెన్సర్ ఒకటి తగిలించి యాప్‌లో మీ ట్రైనర్ మోడల్ సెలెక్ట్ చేస్తే, చక్రం స్పీడ్‌ని బట్టి పవర్ అంచనా వేసి చూపిస్తుంది. పక్కా వాట్స్ కాదు, కొండొచ్చినా లోడ్ మారదు, అయినా వారం వారం మెరుగవుతున్నామా లేదా తెలుసుకోడానికి అది చాలు. జ్విఫ్ట్‌కి నెలనెలా చందా ఉంటుంది, అది కూడా బడ్జెట్‌లో కలుపుకోండి.

మిగిలిన డబ్బులు ఫ్యాన్ మీద పెట్టండి, సీరియస్‌గా చెప్తున్నా. బయట ఎంత చలున్నా గదిలో ఎదురుగాలి ఉండదు కదా, ఒళ్ళు వేడెక్కిపోయి అదే లోడ్‌కి హార్ట్ రేట్ పైకి పోతూనే ఉంటుంది. ఎదురుగా పెద్ద ఫ్యాన్ ఉంటే ఇంకో పావుగంట హాయిగా తొక్కగలం. హ్యాండిల్ మీద, టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై కడ్డీ) మీద టవల్ వేసి తొక్కండి, ఉప్పు చెమట స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టుకునే ముక్క) బోల్టుల్లోకి, హెడ్‌సెట్‌లోకి (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగుల్లోకి) దిగితే తుప్పు పట్టేస్తుంది, బయటికి కనపడదు కూడా.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్ళు ముందు డబ్బా చుట్టూ వేలు పెట్టి తడిమి చూడండి, జిడ్డు తగిలితే ద్రవం కారుతున్నట్టే, అది వద్దు. రోలర్‌ని చేత్తో తిప్పితే గరగర లేకుండా తిరగాలి, ట్రైనర్ కాళ్ళు విప్పి నిలబెడితే ఊగకూడదు. వీలైతే మీ సైకిల్ తీసుకెళ్ళి అక్కడే ఓ పది నిమిషాలు గట్టిగా తొక్కి చూడండి, బేరింగ్ పోయుంటే ఆ పది నిమిషాల్లోనే చెవికి తెలిసిపోద్ది.