సీఆర్పీనా, ప్రోకాల్సిటోనినా, యూరియానా?

ల్యాబులో రిపోర్టు అందుకున్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: “సీఆర్పీ (సి-రియాక్టివ్ ప్రొటీన్) 180 ఉంది డాక్టరు గారూ, న్యుమోనియా ముదిరినట్టేనా?” కోవిడ్ రోజుల నుంచి ఈ అంకెకు మన ఇళ్లలో పలుకుబడి పెరిగింది. కాస్త డబ్బు పెట్టగలిగినవాళ్లు ప్రోకాల్సిటోనిన్ అనే మరో రక్తపరీక్ష కూడా చేయించుకొస్తున్నారు. అదే రిపోర్టులో ఓ మూల ఉన్న బ్లడ్ యూరియా గురించి మాత్రం ఎవరూ అడగరు. న్యుమోనియా తీవ్రత తెలుసుకోవడానికి నా ఓటు దానికే.

సీఆర్పీ పుట్టిందే న్యుమోనియాతో. 1930లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యూయార్క్‌లో న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియాతో న్యుమోనియా వచ్చిన రోగుల రక్తంలో దీన్ని పట్టుకున్నారు. కాలేయం తయారుచేసే ఈ ప్రొటీన్ పతాక స్థాయికి చేరడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. అందుకే నిన్న రాత్రి జ్వరం మొదలైనవారికి ఈ ఉదయం తక్కువగా కనిపించినా నమ్మలేం. అది శరీరంలో ఎంత మంట (ఇన్‌ఫ్లమేషన్) రేగిందో చెబుతుంది. ఆ మంటకు ఏ అవయవం కుంగుతోందో చెప్పదు.

ప్రోకాల్సిటోనిన్ కొద్ది గంటల్లోనే పెరుగుతుంది, వైరస్ కన్నా బ్యాక్టీరియాకు ఎక్కువగా స్పందిస్తుంది. బాగా ఎక్కువగా ఉంటే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందేమోనని అనుమానించాలి. అయితే కిడ్నీ జబ్బులోనూ, పెద్ద ఆపరేషన్ తర్వాతా ఊరికే పెరుగుతుంది. ఇది తక్కువగా ఉంది కదా అని, ఎక్స్‌రేలో న్యుమోనియా తేలిన రోగికి యాంటీబయాటిక్ మొదలుపెట్టకుండా ఉండవద్దని 2019 నాటి అమెరికన్ మార్గదర్శకాలు చెప్పాయి.

ఇక కిడ్నీలు వడగట్టి బయటకు పంపే వ్యర్థం, యూరియా. తీవ్రతను లెక్కగట్టే కర్బ్-65లో ఐదు అంశాలున్నాయి: మతి తడబాటు, యూరియా, నిమిషానికి 30 లేదా అంతకు మించిన శ్వాసలు, పడిపోయిన బీపీ, 65 ఏళ్లు నిండిన వయసు. వీటిలో రక్తపరీక్ష ఒక్క యూరియానే. అది పెరిగిందంటే ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలకు రక్తం సరిగా అందడం లేదేమోనని చూడాలి. లీటరుకు 7 మిల్లీమోల్స్ దాటితే ఒక పాయింటు. మన రిపోర్టుల్లో అది బ్లడ్ యూరియాగా దాదాపు 42 మిల్లీగ్రాములు, బీయూఎన్‌గా (యూరియాలోని నైట్రోజన్‌ను మాత్రమే లెక్కగట్టే అంకె) దాదాపు 20. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు: బీయూఎన్ 24 చూసి, దాన్నే బ్లడ్ యూరియా అనుకుని, “నలభై లోపే కదా” అని నిశ్చింతగా ఉంటారు. ముందు నుంచే కిడ్నీ జబ్బు ఉన్నవారైతే పాత రిపోర్టు పక్కన పెట్టుకుని చూడాలి.

బీపీ పడిపోయినవారికి లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష తప్పనిసరి, అది ఆసుపత్రి పని. తెల్ల రక్తకణాలు 18 వేలు ఉన్నప్పటికన్నా 4 వేల లోపుకు పడిపోయినప్పుడే నాకు ఎక్కువ గుబులు. ఎర్రకణాలు ఎంత వేగంగా అడుగుకు దిగుతాయో చూసే ఈఎస్ఆర్ పరీక్షతో ఇక్కడ పనిలేదు.

సీఆర్పీకి చేసే ఖర్చును మొదటి రోజుతో సరిపెట్టకుండా నాలుగో రోజుకూ కొంత ఉంచుకోండి. అప్పటికి సగానికి తగ్గకపోతే ఊపిరితిత్తి చుట్టూ చీము చేరిందా, మందు పనిచేయడం లేదా అని డాక్టరు మళ్లీ వెతకాల్సి ఉంటుంది.