పులికాట్ రాజహంసల మధ్య ఒక బూడిదరంగు పిల్ల

పులికాట్ సరస్సుకు వెళ్లేవాళ్లు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఫ్లెమింగోలను మనవాళ్లు రాజహంసలంటారు కానీ, వాటి గూళ్లు ఇక్కడ కనిపించవు. చలికాలంలో అవి ఇక్కడికి వచ్చేది మేతకే. మన దేశంలో వాటి పెద్ద పురిటిల్లు గుజరాత్‌లోని కచ్ రాణ్.

జనవరిలో మా అమ్మాయితో కలిసి సూళ్లూరుపేటలో దిగాను. చెన్నై నుంచి లోకల్ రైలు ఉంది కాబట్టి రావడం సులువే. మేము దిగిన లాడ్జిలో గది శుభ్రంగా ఉంది కానీ, ఇస్తామన్న వేడినీళ్లు మాత్రం రాలేదు. సౌకర్యం కావాలంటే తిరుపతిలోనో నెల్లూరులోనో ఉండవచ్చు. అయినా నేను సూళ్లూరుపేటలోనే ఉండమంటాను. తెల్లవారేసరికి సరస్సు దగ్గర ఉండాలంటే అదే దారి.

శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా సాగుతుంది. ఆటో నడిపే పెద్దాయన, పక్షుల గుంపు కనిపించగానే ఇంజన్ ఆపేశారు. "పాపను గట్టు దిగనివ్వకండమ్మా, లేచిపోతాయి" అన్నారు. మంచి మనిషి. మేము చూసినంతసేపూ ఓపికగా ఆగారు.

బైనాక్యులర్ లేకుండా వెళ్లవద్దు. అందులో చూస్తేనే వాటి మేత తీరు తెలుస్తుంది. కాళ్లతో బురద తొక్కుతాయి, మెడ వంచి తలను తలకిందులుగా నీళ్లలో ముంచుతాయి, నాలుకతో నీటిని లాగి బయటికి తోస్తాయి. ముక్కు అంచుల్లోని సన్నని పొరలు జల్లెడలా పనిచేసి నాచును, చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవులను పట్టి ఉంచుతాయి. ఆ తిండిలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్లే వాటికి గులాబీ రంగు వస్తుంది.

"అమ్మా, దానికి రంగెందుకు లేదు?" అని మా అమ్మాయి వేలు చూపించింది. గుంపులో ఒకటి బూడిదరంగులో ఉంది. అది పిల్ల. రంగు తేలడానికి రెండు మూడేళ్లు పడుతుంది.

దాని పెంపకం వింటే మనసు నిండుతుంది. బురదను ముక్కుతో పోగుచేసి గోపురంలా కట్టిన గూటిలో ఒక్కటే గుడ్డు. తల్లీతండ్రీ వంతులవారీగా సుమారు నెలరోజులు పొదుగుతాయి. పుట్టిన పిల్ల ముక్కు తిన్నగా ఉంటుంది, దానితో నీటిని వడకట్టడం కుదరదు. అందుకని పెద్దవి తమ గొంతులో ఊరే ఎర్రటి పాలను పిల్ల నోట్లోకి జార్చుతాయి. తండ్రి కూడా పాలిస్తాడు! పాలిచ్చి ఇచ్చి వాళ్ల రెక్కల రంగే వెలిసిపోతుంది. కొన్నాళ్లకు పిల్లలన్నీ ఒకచోట గుంపుగా చేరతాయి. కొద్దిమంది పెద్దలు కాపలా ఉంటారు. అంత గోలలోనూ కన్నవాళ్లు తమ పిల్లను గొంతు విని గుర్తుపడతారు, దానికే పాలిస్తారు.

గూళ్లు చూడాలనుకునేవాళ్లు దొరవారిసత్రం దగ్గరి నేలపట్టుకు వెళ్లాలి. అక్కడ గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలోని చెట్ల మీద పిల్లలను పెంచుతాయి. తల్లి గొంతు సంచిలోకి పిల్ల తల దూర్చి చేపలు తినడం మేము కళ్లారా చూశాం. పిల్లలతో వెళ్తే మాత్రం తాగునీళ్లు, తిండి వెంట తీసుకెళ్లండి. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో జనం ఎక్కువ. పక్షుల కోసమే అయితే మామూలు రోజు మేలు.

సాయంత్రం మా అమ్మాయి మళ్లీ ఆ రోడ్డుకే వెళ్దామంది. బూడిదరంగు పిల్లలు ఈసారి మూడు కనిపించాయి. వాటిలో ఒకటి ముక్కు నీళ్లలో ముంచి, తనంతట తానే బురద తొక్కుతోంది.