తిమ్మమ్మ మర్రిమాను: పొద్దున్నే పోండి, తీరుబడిగా తిరగండి

ముందే చెప్తున్నా, రోడ్డు మీద నుంచి చూస్తే ఇది చెట్టులా ఉండదు. కదిరి నుంచి పాతిక కిలోమీటర్లు పోతే గూటిబయలు దగ్గర చిన్న అడవిలా ఒకటి కనబడుతుంది, అదంతా ఒకటే మాను. మా బావ కారు దిగి నాలుగడుగులు వేసి "చెట్టు యాడుందిరా" అన్నాడు, అప్పటికే దాని కొమ్మల కింద నిలబడి ఉన్నాడు మహానుభావుడు.

1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. విస్తీర్ణం 19,107 చదరపు మీటర్లు, అంటే 4.7 ఎకరాలు. దీన్ని బయటి ప్రపంచానికి చూపించింది బెంగళూరు జర్నలిస్టు రిగ్రెట్ అయ్యర్, పత్రికలు ఆయన రాతల్ని తిప్పి పంపుతూ రాసిన 'రిగ్రెట్' ఉత్తరాలనే పేరుగా తగిలించుకున్న మనిషి. ఊరి వాళ్ల కథ వేరే. 1434లో భర్త బాలవీరయ్య చితిలో తిమ్మమ్మ సహగమనం చేసిందని, అక్కడ నాటిన గుంజ చిగురించి ఇంత మానైందని చెప్తారు. లోపల ఆమె గుడి ఉంది, పిల్లల కోసం మొక్కుకునేవాళ్లు చాలామందే వస్తారు.

చాలామంది గుడి దగ్గర సెల్ఫీ తీసుకుని పది నిమిషాల్లో వెనక్కి తిరుగుతున్నారు. అలా చేయొద్దు. నాకైతే అన్నిటికంటే నచ్చింది లేత ఊడలకు చేసే సంరక్షణ. పై నుంచి వేలాడే సన్నటి ఊడలను చీల్చిన వెదురు బొంగుల్లోకి దించి, అందులో మట్టి, ఎరువు నింపి నేల దాకా నడిపిస్తారు. నేలకు తగిలి వేరూనితే అదే లావెక్కి, పైనున్న కొమ్మ బరువు మోసే స్తంభమవుతుంది. ఒక బొంగు చీలికలో వేలు పెట్టి చూశా, మట్టి తడిగానే ఉంది. దాని పక్కనే ఇద్దరు చేతులు కలిపినా అందనంత లావు ఊడ, మొదట్లో అదీ ఇట్లాంటి దారపు పోగే కదా అనిపించింది.

బాగాలేనివీ చెప్పాలి. ఊడల మీద తాళంచెవితో పేర్లు, లవ్ గుర్తులు చెక్కారు, చెయ్యి విరిచేయాలనిపించింది. చిప్స్ కవర్లు, వాటర్ ప్యాకెట్లు వేర్ల సందుల్లో ఇరుక్కుని ఉన్నాయి. మేం పోయిన రోజు బాత్రూమ్‌కి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు, ఆడవాళ్లకు మహా ఇబ్బంది.

శివరాత్రికి జాతర జరుగుతుంది, జనం సందడి కావాలంటే అప్పుడు పోండి, మాను చూడాలనుకుంటే మాత్రం మామూలు రోజు, ఎండెక్కకముందే. అనంతపురం నుంచి అయితే తెల్లారకముందే బయల్దేరాలి. కదిరిలో ఉగ్గాని, బజ్జీ తినేసి, నరసింహస్వామి దర్శనం తిరుగు ప్రయాణానికి పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనం మాత్రం వెంట కట్టుకుపోవడమే మేలు, మాకక్కడ బిస్కెట్లు, సోడా తప్ప ఏమీ దొరకలేదు.